గుంతను కాదు, నీళ్ళను వెతకండి

ఈ వారం ఎపిసోడ్‌లో సింగపూర్ రోడ్ల కథ చెబుతూ పార్కింగ్ లాట్ల దగ్గరికి వచ్చేసరికి టైము అయిపోయింది. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ఆదివారం డార్మిటరీలో బట్టలు ఆరేసుకుంటూ విన్నవాళ్ళు, ఇది తీరిగ్గా చదువుకోండి.

ముందు నా తప్పు చెప్తా. కొన్నేళ్ళ కిందట ఒక షాపింగ్ కాంప్లెక్స్ వెనక, లారీలు సరుకు దించే పార్కింగ్‌లో గుంత పడింది. డిసెంబరు నెల. నా కింద పనిచేసే శ్రీకాకుళం కుర్రాడి చేత పూడ్పించాను. పది రోజులకే లేచిపోయింది. మళ్ళీ పూడ్చాడు, మళ్ళీ లేచిపోయింది. మూడోసారికి అందరి ముందే కేకలేశాను. "కాంపాక్టర్ సరిగ్గా తిప్పావట్రా?" "తిప్పానన్నా, మీరు చెప్పినన్ని సార్లూ తిప్పాను" అన్నాడు. నేను నమ్మలేదు. పైనుంచి "మనిషిని మార్చు" అని మాట వచ్చింది. మనిషిని మార్చడమంటే ఏంటో మనకు తెలుసు. పర్మిట్ క్యాన్సిల్, చేతిలో టికెట్, ఊళ్ళో అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

ఆ గుంతలో తప్పు ఎవరిదో తేలాలంటే రెండొందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

బురద మీద లేచిన బజారు

రాఫెల్స్ ప్లేస్‌లో ఇవాళ అన్నీ అద్దాల మేడలే. 1822లో ఆ పక్కన సింగపూర్ నది ఒడ్డంతా చిత్తడి నేల. అక్కడున్న చిన్న గుట్టను తవ్వి, ఆ మట్టితోనే బురదను పూడ్చారు. ఆ మట్టితో లేచిన ఒడ్డే బోట్ కీ. గుట్ట పోయిన చోట కమర్షియల్ స్క్వేర్ వచ్చింది. 1858లో దాని పేరు రాఫెల్స్ ప్లేస్ అయింది. మొదట గుర్రపు బండ్లు ఆగేవి, తర్వాత కార్లు వచ్చాయి. కార్లకు చోటు చాలక 1964లో మార్కెట్ స్ట్రీట్‌లో అంతస్తుల కార్ పార్క్ కట్టారు. ఆ మరుసటేడు రాఫెల్స్ ప్లేస్ కిందనే కార్ పార్క్ కట్టి, పైన తోట వేశారు. ఇప్పుడు ఆ రెండూ లేవు. రాఫెల్స్ ప్లేస్‌లో 1987 నుంచి ఎంఆర్‌టీ స్టేషన్ నడుస్తోంది.

ఎన్నిసార్లు మారినా ఆ చోట సమస్య ఒక్కటే, నీళ్ళు. ఈ ఊళ్ళో ఏడాదికి సుమారు 2,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. దాదాపు 170 రోజులు వాన రోజులే. 1978 డిసెంబరు 2న ఒక్క రోజులో 512 మిల్లీమీటర్లు కురిసింది. మన అనంతపురంలో ఏడాది పొడుగునా పడేది ఇంచుమించు అంతే! ఇక్కడ రోడ్డు పక్కన మనిషి లోతు కాలవలు ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైందా?

మద్రాసు నుంచి వచ్చిన చేతులు

ఈ ఊరికి తొలి రోడ్లు వేసినవాళ్ళలో ఎక్కువమంది ఖైదీలు. అప్పట్లో ఇంగ్లీషువాళ్ళు మన దేశపు ఖైదీలను సుమత్రాలోని బెంకూలెన్‌కి పంపేవారు. 1824 ఒప్పందంతో బెంకూలెన్ డచ్చివాళ్ళ చేతికి పోయింది. దాంతో 1825 ఏప్రిల్‌లో ఖైదీలను సింగపూర్‌కి తెచ్చారు. మొదటి ఓడలో 80 మంది మద్రాసు ఖైదీలు, వారం తర్వాత 122 మంది బెంగాల్ ఖైదీలు దిగారు. మద్రాసు అంటే ఒక్క పట్నం అనుకోకండి. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం, విశాఖ, గోదావరి, నెల్లూరు, కడప అన్నీ ఉన్నాయి.

1873లో ఈ పద్ధతి ఆగిపోయేదాకా వాళ్ళు అడవి కొట్టారు, చిత్తడి పూడ్చారు, రాయి పగలగొట్టారు, రోడ్లు వేశారు. ఇస్తానా, సెయింట్ ఆండ్రూస్ కెథెడ్రల్ కట్టడంలోనూ వాళ్ళ చెమట ఉంది. కెథెడ్రల్ లోపలి గోడలకు పూసింది మద్రాసు గచ్చు. సున్నంలో గుడ్డు సొన, ముతక చక్కెర, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్ళు కలిపి చేసేవారు. ఖైదీల మీద కాపలాకి ఖైదీల్లోంచే మేస్త్రీల్లాంటి వాళ్ళను పెట్టేవారు. జైలు నడిపిన మెక్‌నెయిర్ 1899లో వేసిన పుస్తకానికి 'ప్రిజనర్స్ దెయిర్ ఓన్ వార్డర్స్' అని పేరు పెట్టాడు. ఖైదీలే తమకు తాము కాపలా అన్నమాట. అది చదివినప్పుడు నా హెల్మెట్ రంగు ఒకసారి గుర్తొచ్చింది.

ఆ కాలంలోనే ఇంగ్లండులో మెకాడమ్ అనే ఆయన రోడ్డు వేసే పద్ధతి మార్చేశాడు. 1816లో బ్రిస్టల్ రోడ్లు ఆయన చేతికి వచ్చాయి. ఆయన చెప్పింది చాలా సులువు. బరువు మోసేది పైన వేసిన రాయి కాదు, కింద ఉన్న నేల. నేల పొడిగా ఉంటే ఎంత బరువైనా మోస్తుంది, తడిస్తే కుంగిపోతుంది. అందుకని రోడ్డును చుట్టూ ఉన్న నేల కంటే ఎత్తులో పెట్టాలి, మధ్యలో కాస్త ఉబ్బుగా ఉంచాలి, పక్కకి నీళ్ళు పోయేలా చూడాలి. తారు, ప్రీమిక్స్ తర్వాత వచ్చాయి గానీ సూత్రం మాత్రం మారలేదు.

గుంత ఎలా పుడుతుంది

చలి దేశాల్లో పగుల్లో నీళ్ళు గడ్డకట్టి రోడ్డును పగలగొడతాయి. ఇక్కడ మంచు లేదు, వానే ఆ పని చేస్తుంది. పగుల్లోంచి నీళ్ళు దిగి కంకరలో నిలబడతాయి. పైనుంచి లారీ చక్రం తొక్కగానే ఆ నీళ్ళు సన్న మట్టిని మోసుకుని పైకి చిమ్ముతాయి. వాన తర్వాత పగులు చుట్టూ బూడిద రంగు బురద కనిపిస్తే, లోపల ఖాళీ అవుతున్నట్టే. ఇంకా నానితే రాయిని పట్టుకున్న తారు కూడా ఊడుతుంది. పార్కింగ్‌లో ఇంకో రెండు తిప్పలున్నాయి. బండి కదలకుండానే స్టీరింగ్ తిప్పితే చక్రం పైపొరను రుద్దేస్తుంది. కారిన డీజిల్, ఇంజిన్ ఆయిల్ తారును మెత్తబరుస్తాయి. పైగా పార్కింగ్ చదునుగా ఉంటుంది కాబట్టి వాలు ఒక్క వేలు తప్పినా నీళ్ళు ఆగిపోతాయి.

ఆ రాత్రి

మనిషిని పంపేయమన్న రోజే రాత్రి పెద్ద వాన పట్టింది. గొడుగు వేసుకుని ఆ లాట్‌కి వెళ్ళాను. చూస్తే నీళ్ళన్నీ మెల్లగా వచ్చి సరిగ్గా ఆ గుంత దగ్గరే ఆగుతున్నాయి. పక్కనే డ్రెయిన్ ఉంది. కానీ దానికీ లాట్‌కీ మధ్య పూల మొక్కల కోసం కొత్తగా కర్బ్ కట్టారు. నీళ్ళు పోవడానికి అందులో సందు వదల్లేదు. కుర్రాడు పూడ్చింది గట్టిగానే ఉంది, కింద నేలే నానిపోయింది. వీడియో తీసి పైకి పంపాను.

తర్వాత చేసింది ఇదీ. ముందు కర్బ్‌లో డ్రెయిన్‌కి దారి కోశాం. వాన తెరిపిచ్చాక, గుంత కంటే పెద్దగా, గట్టి నేల తగిలేదాకా చతురస్రంగా కట్ చేశాం. తడి కంకర అంతా తీసేసి, పొడి కంకర పొరలుగా వేసి కాంపాక్ట్ చేశాం. అడుగునా అంచులకూ టాక్ కోట్ పూశాం. వేడి ప్రీమిక్స్ పొరలుగా వేసి అణిచాం, అంచులు సీల్ చేశాం. చివర ఒక బకెట్ నీళ్ళు పోసి ఎటు పోతాయో చూశాం. వానలో కోల్డ్ మిక్స్ వేయడం తప్పు కాదు. కానీ అది కట్టు మాత్రమే, వైద్యం కాదు.

మరుసటి డిసెంబరు వానలకు ఆ చోటు కదల్లేదు. కుర్రాడి పర్మిట్ రెన్యూ అయింది. కేకలేసింది అందరి ముందు కాబట్టి, సారీ కూడా అందరి ముందే చెప్పాను. "పర్లేదన్నా" అన్నాడు గానీ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అది న్యాయమే.

ఈ పనిలో ఉన్న తమ్ముళ్ళకు రెండు మాటలు. నవంబరు రాకముందే సంపుల్లో ఆకులు తీయించండి, పగుళ్ళు సీల్ చేయించండి. గుంత తవ్వగానే అడుగు తడిగా ఉంటే, పూడ్చేముందే తేదీతో ఫోటో తీసి సూపర్‌వైజర్‌కి పంపండి. గుంత మళ్ళీ లేస్తే చివరగా చెయ్యి పెట్టినవాడి మీదకే వస్తుంది. నాలాంటి సూపర్‌వైజర్లకు ఒక్కటే మాట: మనిషిని అనేముందు వానలో ఒకసారి వెళ్ళి నిలబడండి.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా పని చేసుకోండి.