వైద్య పరికర సమాచార వ్యవస్థలు: నియంత్రణ వర్గీకరణ

పల్స్ ఆక్సీమీటర్, ఈసీజీ, వెంటిలేటర్ వంటి పరికరాలు ఇచ్చే రీడింగులను మరో చోటికి పంపే, దాచిపెట్టే, ఫార్మాట్ మార్చే, తెరపై చూపే ఏర్పాట్లను వైద్య పరికర సమాచార వ్యవస్థలంటారు. ఇవి రీడింగును మోస్తాయి, అంతే. దాని అర్థమేమిటో చెప్పవు, పరికరాన్ని నడపవు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి వంటి చోట మానిటర్‌లోని అంకెలను రోగి రికార్డులోకి ఎక్కించే ప్రోగ్రాం ఉందనుకుందాం. అది ఈ కోవలోదే. ఆక్సిజన్ పడిపోతోందని అదే ప్రోగ్రాం అలారం మోగించి నర్సును పిలిచిందా, ఈ కోవ దాటిపోయినట్టే. అప్పుడు దాని పొరపాటు ప్రాణం మీదికి రావచ్చు.

ఈ వర్గాన్ని నిబంధనల్లోకి తెచ్చింది అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ. అంతకుముందు వేరే గూడు లేక ఇవి అత్యధిక ప్రమాదమున్న మూడో తరగతి కింద లెక్కకొచ్చేవి. ఫైళ్లు మోసే ప్రోగ్రాంకు అది మరీ పెద్ద శిక్ష. 2011 ఫిబ్రవరిలో వాటిని మొదటి తరగతికి దించారు. 2016 డిసెంబరు నాటి 21వ శతాబ్దపు క్యూర్స్ చట్టం ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను పరికరం అనే నిర్వచనం నుంచే తప్పించింది. 2021లో నిబంధననూ అందుకు తగ్గట్టు సవరించారు. హార్డ్‌వేర్ మాత్రం పరికరంగానే మిగిలింది.

మన వైద్య పరికరాల నిబంధనల్లో ఈ పేరుతో విడి తరగతి లేదు. 2017లో ప్రకటించి, 2018 జనవరి 1 నుంచి అమలు చేసిన ఆ నిబంధనలు పరికరాలను తక్కువ ప్రమాదం నుంచి ఎక్కువకు ఏ, బీ, సీ, డీలుగా విడదీశాయి. 2020 ఫిబ్రవరి నోటిఫికేషన్, రోగ నిర్ధారణ, పర్యవేక్షణ, చికిత్స వంటి పనులకు ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్‌ను సైతం 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింద ఔషధంగా ప్రకటించింది. చట్టం లెక్కలో అది మాత్రల సరసన చేరిందన్నమాట! తయారీదారు దాన్ని ఏ పనికని ఉద్దేశించాడన్నదే ఇక్కడ కీలకం.

ఏ, బీ తరగతుల తయారీ లైసెన్సులు రాష్ట్రం ఇస్తుంది. తెలంగాణలో అది వెంగళరావునగర్‌లోని ఔషధ నియంత్రణ సంస్థ పని. సీ, డీల తయారీ లైసెన్సులు, అన్ని తరగతుల దిగుమతి లైసెన్సులు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ చేతిలో ఉంటాయి; దాని హైదరాబాద్ కార్యాలయం ఎర్రగడ్డ పక్కనే ఎస్సార్ నగర్‌లో ఉంది. లైసెన్సు ఏ, బీలకు 2022 అక్టోబరు 1 నుంచి, సీ, డీలకు మరుసటి ఏడాది అదే తేదీ నుంచి తప్పనిసరైంది. స్టెరైల్ కాని, కొలత పని చేయని ఏ తరగతి పరికరాలకు మాత్రం లైసెన్సు బదులు ఆన్‌లైన్ నమోదు చాలు. మోసే పనికే పరిమితమైన ప్రోగ్రాం ఈ తరగతిలో పడితే దానికి దక్కే సడలింపు ఇంతవరకే. అమెరికాలోలా పూర్తి మినహాయింపు కాదు.