సైలెంట్ పీసీ బిల్డ్: డిసెంబర్‌లో గప్‌చుప్.. మే నెలలో గోల! పార్ట్స్ కొనేముందు ఈ లెక్క చూసుకోండి

రాత్రి 11 దాటింది. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో పిల్లలు పడుకున్నారు. అదే గదిలో ఓ మూల అమెరికా క్లయింట్‌తో ఆఫీస్ కాల్ నడుస్తోంది. ఉన్నట్టుండి కంప్యూటర్ ఫ్యాన్ 'జుయ్'మంటూ లేస్తుంది. కాల్‌లో అవతలి వాళ్లకూ అదే మోత, మంచం మీద పాపకూ అదే మోత. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్న చాలా ఇళ్లలో ఇది మామూలు సీన్. పీసీ కొనేటప్పుడు స్పీడ్ చూస్తారు, స్టోరేజ్ చూస్తారు, రంగురంగుల లైట్లు కూడా చూస్తారు. చప్పుడు సంగతి మాత్రం ఇంటికొచ్చాకే తెలుస్తుంది. అప్పటికే డబ్బులు కట్టేసి ఉంటారు.

సైలెంట్ పీసీకి లక్షలు అక్కర్లేదు. ఏ పార్ట్ ఎందుకు శబ్దం చేస్తుందో తెలిస్తే అదే బడ్జెట్‌లో ప్రశాంతమైన కంప్యూటర్ వస్తుంది. అవేంటో చూద్దాం.

అసలు చప్పుడు ఎక్కడ పుడుతుంది?

పీసీలోకి వెళ్లే కరెంట్ దాదాపు మొత్తం చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటకు తోసేది ఫ్యాన్. వేడి పెరిగితే ఫ్యాన్ స్పీడ్ పెరుగుతుంది, స్పీడ్‌తో పాటే శబ్దం పెరుగుతుంది. అంటే తక్కువ కరెంట్ తాగే పార్ట్ ఎంచుకుంటే సగం సమస్య అక్కడే తీరిపోతుంది. 'సైలెంట్' అని డబ్బా మీద రాసి ఉన్నంత మాత్రాన ఏ పార్టూ సైలెంట్ అయిపోదు.

మే నెల లెక్క ఇదీ!

రివ్యూ వీడియోల్లో చాలావరకు టెస్టులు 20 నుంచి 25 డిగ్రీల గదిలో జరుగుతాయి. మన దగ్గర ఎండాకాలంలో ఏసీ లేని గది 38, 40 డిగ్రీలకు చేరుతుంది. ఫ్యాన్ స్పీడ్ మారకపోతే, గది ఎంత వేడెక్కితే ప్రాసెసర్ కూడా సుమారు అంతే వేడెక్కుతుంది. 25 డిగ్రీల గదిలో 65 డిగ్రీల దగ్గర ఉన్న ప్రాసెసర్, అదే పని 40 డిగ్రీల గదిలో చేస్తే దాదాపు 80కి వెళ్తుంది. దాన్ని దించడానికి ఫ్యాన్లు పూర్తి స్పీడ్ అందుకుంటాయి. డిసెంబర్‌లో అసెంబుల్ చేయించిన పీసీ మేలో మోత మోగించడానికి కారణం ఇదే. అందుకే పార్ట్స్ ఎప్పుడు కొన్నా ఎండాకాలం లెక్కతోనే కొనాలి.

ఒక ఫ్యాన్ కంటే రెండు ఫ్యాన్లే మేలు

వినడానికి వింతగా ఉన్నా ఇది నిజం. ఒకే ఫ్యాన్ స్పీడ్ సగానికి తగ్గిస్తే గాలి సగం అవుతుంది, శబ్దం మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. అలాంటి ఫ్యాన్ ఇంకొకటి పక్కన పెడితే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. అంటే గాలి అంతే, శబ్దం 12 డెసిబెల్స్ తక్కువ. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది. పెద్ద ఫ్యాన్లు, తక్కువ స్పీడ్.. సైలెంట్ పీసీ సూత్రం ఇంతే. 120 లేదా 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు తీసుకోవాలి. 80 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్ అదే గాలి ఇవ్వాలంటే చాలా వేగంగా తిరగాలి, అప్పుడే ఆ కీచుమనే శబ్దం వస్తుంది.

ప్రాసెసర్: 'టీడీపీ' చూడండి

ఇక్కడ టీడీపీ అంటే పార్టీ కాదు.. థర్మల్ డిజైన్ పవర్. ప్రాసెసర్ ఎంత వేడి పుట్టిస్తుందో చెప్పే అంకె. ఏఎండీ రైజెన్ 5 7600 టీడీపీ 65 వాట్స్. దాని అన్న రైజెన్ 5 7600ఎక్స్ టీడీపీ 105 వాట్స్. రెండూ 6 కోర్లే, ఇంటి పనుల్లో స్పీడ్ తేడా పెద్దగా తెలియదు. వేడిలో తేడా మాత్రం బాగా తెలుస్తుంది.

ఇంటెల్‌లో ఇంకో మెలిక ఉంది. కోర్ ఐ5 14400 బేస్ పవర్ 65 వాట్సే అయినా, టర్బోలో 148 వాట్స్ వరకు వెళ్తుంది. మదర్‌బోర్డ్ బయోస్‌లో ఆ పరిమితిని తగ్గించుకునే వీలుంటే తగ్గించుకోవచ్చు. ఏఎండీలో ఇదే పనికి 'ఈకో మోడ్' ఉంది. కొద్దిగా స్పీడ్ తగ్గుతుంది, చాలా వేడి తగ్గుతుంది.

గ్రాఫిక్స్ కార్డ్ నిజంగా కావాలా?

ఆఫీస్ పని, ఆన్‌లైన్ క్లాసులు, యూట్యూబ్, సినిమాలు.. ఇంతే అయితే విడిగా కార్డ్ అక్కర్లేదు. రైజెన్ 5 8600జీ లాంటి ప్రాసెసర్లలో చెప్పుకోదగ్గ గ్రాఫిక్స్ లోపలే ఉంటాయి. పీసీలో అన్నిటికంటే ఎక్కువ వేడి పుట్టించే పార్టే లేకుండా పోతుంది. ఒక్క జాగ్రత్త.. ఇంటెల్ మోడల్ పేరు చివర 'ఎఫ్' ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండవు. దానికి కార్డ్ కొనక తప్పదు.

గేమ్స్ ఆడేవాళ్లు కార్డ్ వాట్స్ చూసుకోవాలి. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5060కి 145 వాట్స్, ఆర్‌టీఎక్స్ 5070కి 250 వాట్స్. లోడ్ లేనప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయే మోడల్ తీసుకుంటే రాత్రిళ్లు సినిమా చూసేటప్పుడు కార్డ్ నుంచి ఫ్యాన్ చప్పుడే రాదు. గేమ్‌లో ఫ్రేమ్ రేట్‌ను మానిటర్ సామర్థ్యం దగ్గరే ఆపేస్తే వేడి, శబ్దం రెండూ తగ్గుతాయి. కొన్ని కార్డుల నుంచి సన్నగా వచ్చే 'కీ' శబ్దం ఫ్యాన్‌ది కాదు, కాయిల్స్ కంపనం. దానికీ ఫ్రేమ్ రేట్ పరిమితి కొంత పనిచేస్తుంది.

కూలర్: డబ్బులు పెట్టాల్సింది ఇక్కడే

ప్రాసెసర్ డబ్బాలో వచ్చే చిన్న కూలర్ పని నడిపిస్తుంది కానీ ఎండాకాలంలో గోల చేస్తుంది. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ పెట్టుకుంటే 65 వాట్స్ ప్రాసెసర్‌కు తక్కువ స్పీడే సరిపోతుంది. ఇవి 155, 160 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి. క్యాబినెట్‌లో అంత చోటు ఉందో లేదో ముందే చూసుకోవాలి. లిక్విడ్ కూలర్ అంటే సైలెంట్ అనుకోవడం పొరపాటు. దానికి రేడియేటర్ ఫ్యాన్లతో పాటు పంప్ శబ్దం కూడా ఉంటుంది. పీసీ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ పంప్ తిరగాల్సిందే.

క్యాబినెట్: స్పాంజ్ కాదు, జాలి ముఖ్యం

లోపల స్పాంజ్ అతికించి, ముందు భాగం మూసేసిన 'సైలెంట్' క్యాబినెట్లు చల్లటి దేశాల్లో బాగానే పనిచేస్తాయి. మన ఎండలకు గాలి ఆడక లోపల ఉడికిపోతుంది, ఫ్యాన్లు స్పీడందుకుంటాయి, చివరికి చప్పుడు అంతకంతా అవుతుంది. ముందు భాగంలో జాలి, దాని వెనక తీసి కడుక్కోగలిగే డస్ట్ ఫిల్టర్, ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి.. ఇంటి పీసీకి ఇది చాలు. ముందంతా అద్దం ఉన్న మోడల్స్ అందంగా ఉన్నా, గాలికి దారి ఎక్కడుందో చూసి తీసుకోవాలి.

పవర్ సప్లై: బ్యాడ్జ్ చూసి మోసపోవద్దు

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనేవి కరెంట్ ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే గుర్తులు. శబ్దానికి గుర్తులు కావు. వృథా తగ్గితే వేడి తగ్గుతుంది కాబట్టి గోల్డ్ కొంత మేలే. రైజెన్ 5 7600, ఆర్‌టీఎక్స్ 5060 ఉన్న పీసీ గేమ్స్‌లో సుమారు 300 వాట్స్ దగ్గర ఉంటుంది. దానికి మంచి కంపెనీ 650 వాట్స్ యూనిట్ పెడితే సగం లోడ్ కూడా పడదు, ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది. లోడ్ తక్కువైనప్పుడు ఫ్యాన్ ఆగిపోయే మోడల్ దొరికితే ఇంకా మంచిది.

స్టోరేజ్: టిక్ టిక్ శబ్దం దీనిదే

హార్డ్ డిస్క్ నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంది. ఆ గుయ్ శబ్దం, టిక్ టిక్ రెండూ దానివే. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలే ఉండవు. విండోస్, రోజువారీ ఫైల్స్ ఎస్‌ఎస్‌డీలో పెట్టి, పెళ్లి వీడియోలు, పాత ఫొటోలు బయటి హార్డ్ డిస్క్‌లో దాచుకుని అవసరమైనప్పుడే తగిలించుకోవచ్చు.

షాపులో ఇవి అడగండి

సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, మీ ఊరి షాపులో కొన్నా అక్కడి రద్దీలో పీసీ చప్పుడు తెలియదు. కాబట్టి చెవిని కాదు, ప్రశ్నల్ని నమ్ముకోవాలి.

- ఫ్యాన్లకు 4 పిన్ కనెక్టర్ ఉందా? తక్కువ ధర లైటింగ్ ఫ్యాన్ కిట్లలో కొన్ని నేరుగా పవర్ సప్లైకి తగిలిస్తారు. అవి ఎప్పుడూ ఒకే స్పీడ్‌లో తిరుగుతాయి, తగ్గించే దారి ఉండదు.
- మదర్‌బోర్డ్‌లో కనీసం మూడు, నాలుగు ఫ్యాన్ కనెక్షన్లు ఉన్నాయా?
- బోర్డు చిప్‌సెట్ మీద చిన్న ఫ్యాన్ ఉందా? ఉంటే వేరే బోర్డు చూపించమనండి.
- కూలర్ ఎత్తు, కార్డ్ పొడవు క్యాబినెట్‌కు సరిపోతాయా?

ఇంటికొచ్చాక చేయాల్సినవి

బయోస్‌లో ఫ్యాన్ కర్వ్ అనే ఆప్షన్ ఉంటుంది. ప్రాసెసర్ 60 డిగ్రీలు దాటేవరకు ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగేలా, ఆ తర్వాతే మెల్లగా పెరిగేలా పెట్టుకోవాలి. స్పీడ్ మారడానికి కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టుకుంటే, బ్రౌజర్ తెరిచినప్పుడల్లా 'జుయ్'మనడం ఆగిపోతుంది. మనల్ని విసిగించేది స్థిరంగా వచ్చే శబ్దం కంటే ఇలా లేచి పడే శబ్దమే.

కంప్యూటర్ టేబుల్ కింద సీపీయూ కోసం ఇచ్చే మూసిన అరలో పెట్టొద్దు. వేడి గాలి అక్కడే తిరుగుతుంది. గోడకు ఆనించకుండా వెనక జానెడు ఖాళీ వదలండి. నెలకోసారి డస్ట్ ఫిల్టర్ కడిగి, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టండి.

కొత్తది కొనే ఆలోచన లేనివాళ్లకూ దారి ఉంది. పీసీ ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని దుమ్ము దులపండి. ఏళ్లు గడిచిన థర్మల్ పేస్ట్ మార్పించి, ఫ్యాన్ కర్వ్ సరిచేయండి. చాలా పాత పీసీల గోల ఈ మూడింటితోనే తగ్గుతుంది.

బిల్డ్ పూర్తయిన రోజు రాత్రి ఓ చిన్న పరీక్ష పెట్టండి. సీలింగ్ ఫ్యాన్ ఆపి, పీసీ మీద అరగంట బరువైన పని నడిపించి, మంచం దగ్గర నిలబడి వినండి. అక్కడికి శబ్దం వినిపించకపోతే ఈ సీజన్‌కు సమస్య లేనట్టే. ఇదే పరీక్ష మే నెలలో ఇంకోసారి చేసి, అవసరమైతే ఫ్యాన్ కర్వ్ మార్చుకోండి.