జీతానికి బదులు లాభం

మానుకోట ప్రాంతపు సాహిత్యం వెట్టిని గురించి చాలా చెప్పింది. ఈ పక్కనే ఉన్న చినగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'లో ప్రతిఫలం లేని శ్రమను చూపించారు. కాని చేతిలో డబ్బు పెట్టి పనిహక్కును తీసుకోవడమనే మరో చరిత్ర ఉంది. దానిని మన రచయితలు ఇంకా సరిగా చదవలేదని నా అభిప్రాయం. ఆ చరిత్ర కథల్లో కంటే ఆదాయపు పన్ను చట్టంలోనే స్పష్టంగా కనిపిస్తుంది.

1932లో ప్రీవీ కౌన్సిల్ ముందుకు షా వాలెస్ అనే కలకత్తా కంపెనీ వ్యవహారం వచ్చింది. చమురు కంపెనీలు తమ ఏజెన్సీని రద్దుచేసి ఇచ్చిన పరిహారం ఆదాయం కాదని, పన్ను పడదని తీర్పు వచ్చింది. చెట్టు పోయినందుకు ఇచ్చిన సొమ్ము పండు కాదన్నది అందులోని తర్కం. 1922 చట్టం ఉద్యోగికి కూడా ఇలాంటి వెసులుబాటే ఇచ్చింది: కేవలం ఉద్యోగం పోయినందుకు ఇచ్చిన పరిహారంపై పన్ను లేదు. 1955లో ఆ వెసులుబాటు పోయింది. 1961 చట్టం ఈ సొమ్మును జీతంలో చేర్చి, దానికి ‘జీతానికి బదులు లాభం’ అని పేరు పెట్టింది. బతుకుతెరువు పోవడాన్ని లాభమన్న ఆ మాట దగ్గర సాహిత్య విద్యార్థి ఒక్క క్షణం ఆగాలి. వర్గస్వభావం భాషలో ఎలా దాగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ తర్వాత మినహాయింపులు వచ్చాయి. 1975లో రిట్రెంచ్‌మెంటు పరిహారానికి, 1987లో ప్రభుత్వరంగంలో స్వచ్ఛంద పదవీ విరమణ సొమ్ముకు పరిమితులతో మినహాయింపు ఇచ్చారు. 1991 నూతన ఆర్థిక విధానం తర్వాత అది ఇతర కంపెనీలకూ విస్తరించింది. దానికి 5 లక్షల హద్దు పెట్టారు. ఇది కార్మికునిపై దయ అని కొందరు అంటారు. పన్ను తగ్గడం మేలే, కాదనను. కాని నిబంధన చదవాలి. పదేళ్ల సర్వీసో, నలభై ఏళ్ల వయసో ఉండాలి. మొత్తం ఉద్యోగుల సంఖ్య తగ్గాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఖాళీ అయిన స్థానంలో మరొకరిని నియమించకూడదు.

అసలు విషయం ఇక్కడే ఉంది. కార్మికుడు ఇంటికి పోతే చాలదు, ఆ పని కూడా చావాలి. అప్పుడే పన్ను మాఫీ. తండ్రి తన హక్కును మాత్రమే వదులుకున్నాననుకొని సంతకం పెడతాడు. నిజానికి ఆ కాగితంతో కొడుకు తరానికి దక్కవలసిన స్థానం కూడా పోతుంది. ఆ రెండో నష్టానికి పరిహారమూ లేదు, పన్నూ లేదు, పేరూ లేదు.

వరంగల్ ఆజంజాహి మిల్లు 1934లో నిజాం కాలంలో మొదలైంది. 1974లో జాతీయమైంది. చివరికి స్వచ్ఛంద విరమణలతో ఖాళీ అయి మూతపడింది. మా వైపు పల్లెల్లో ‘మిల్లు’ అంటే అదే. మూతపడిన మిల్లు గేటు మీద మనం కవితలు రాశాం. ‘స్వచ్ఛందం’ అన్న మాట మీద మాత్రం రాయలేదు. వెట్టి అనే మాటలోని బలవంతాన్ని బయటపెట్టిన సాహిత్యం, ఈ మాటలోని బలవంతాన్ని కూడా బయటపెట్టాలి.