అద్దె మైకు నేర్పిన వినికిడి
మంచి ధ్వని డబ్బున్నవాళ్ల సొత్తు అన్న మాట గుంటూరు, ప్రకాశం పల్లెల చరిత్రకు అతకదు. 1948లో విజయవాడ ఆకాశవాణి మొదలయ్యాక పంచాయతీ రేడియో ఊరందరిదీ అయింది. కోటప్పకొండ తిరునాళ్లకూ, పెళ్లికీ మైకు సెట్టు అద్దెకొచ్చింది. పత్తి, మిరప అమ్మినా రికార్డు ప్లేయరు కొనలేని ఇళ్లవాళ్లూ ఘంటసాల పాట విన్నారు. 1980లలో చౌక క్యాసెట్టు ఆ పాటను ఇంట్లోకే తెచ్చింది.

ఆ మైకు సెట్టు రేకు హారన్‌లో నాణ్యత ఎక్కడిదని అడగవచ్చు. నిజమే, అది మంద్రస్వరాలను మింగేస్తుంది, దాని మోత చెవికి చేటు కూడా. కానీ మనిషి గొంతును దూరానికి స్పష్టంగా చేరుస్తుంది. పద్యనాటకం వినేవారికి కావలసింది మాట తెలియడమే. అందుకే ఆపరేటరు హారన్‌ను వేపకొమ్మకు కట్టి, జనంవైపు తిప్పి, "హలో, మైక్ టెస్టింగ్" అంటూ సరిచూసుకునేవాడు. హైఫైకి కొత్తవారికీ అదే పాఠం: ఏం వినాలో ముందు తేల్చుకోండి, బ్రాండు పేరుకన్నా స్పీకరుకూ, దాన్ని పెట్టే చోటుకూ విలువివ్వండి.