సుగ్గికి పోయే పిల్లలకు బడిలో ఎవరున్నారు?

పిల్లవాడి కష్టం విని, ఇంటివాళ్లతో మాట్లాడి, చదువు ఆగకుండా చూసే మనిషి ప్రతి బడికీ కావాలన్న ఆలోచన మన దేశంలో కొత్తది కాదు. 1952–53 నాటి మొదలియార్ కమిషన్ ఉన్నత పాఠశాలలకు శిక్షణ పొందిన మార్గదర్శకులు కావాలంది. ప్రతి బడికీ ఒకరిని పెట్టడం వెంటనే కుదరదని గ్రహించిన కొఠారీ కమిషన్ (1964–66), కనీసం పది బడులకు ఒక కౌన్సెలర్ తిరుగుతూ ఉండాలని చెప్పింది. మన ప్రభుత్వ బడుల్లో ఆ ఉద్యోగం నిలదొక్కుకోలేదు. కానీ కర్నూలు జిల్లాలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఆ పని వేరే చేతుల మీదుగా ఎంతో కొంత జరుగుతూనే వచ్చింది. ఇక్కడ ఎలాంటి కౌన్సెలర్ కావాలో ఆ చరిత్రే చెబుతోంది. పిల్లలు తన గదికి రావాలని ఎదురుచూసేవారితో ఇక్కడ పని జరగదు. సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, మూట కట్టకముందే ఇంటికి వెళ్లి మాట్లాడేవారు కావాలి.

ఈ సీమలో బాల్యాన్ని నడిపించింది పంటల క్యాలెండరు. ఆదోని పత్తి మార్కెట్‌తో పెరిగిన ఊరు. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్ప పూనికతో 1938లో ఏర్పడిన చేనేత సహకార సంఘం దానికి పేరు తెచ్చింది. మగ్గం ఇంటి పని గనుక కండెలు చుట్టడం వంటి పనులు పిల్లల చేతికే వచ్చేవి. ఆ తర్వాత హైబ్రిడ్ పత్తి విత్తనాల సాగు వచ్చింది. సాయంత్రం మొగ్గల్లోని పుప్పొడి భాగాన్ని తీసేయాలి, మర్నాడు పొద్దున వేరే మొక్క పుప్పొడిని పూతకు రుద్దాలి. ఈ క్రాసింగ్ పని నెలల తరబడి, సరిగ్గా బడి నడిచే రోజుల్లోనే ఉంటుంది. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి, తక్కువ కూలికి ఆడపిల్లలను కుదుర్చుకునేవారు. వానాధారపు భూముల్లో పంట చేతికి రాని ఏడాది దీపావళి దాటగానే కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప తోటలకు, బెంగళూరు కట్టడాలకు కదులుతాయి. ఉగాదికి తిరిగొచ్చేసరికి పిల్లల సగం ఏడాది చదువు పోయి ఉంటుంది. 2011 లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఆగింది, అప్పటి రాష్ట్ర సగటు 67 శాతం.

చదువు ఇలా ఆగిపోకుండా అడ్డుకట్ట వేయాలని చూసిన ప్రయత్నాలూ ఉన్నాయి. ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పని మాన్పించిన పిల్లలను శిబిరాల్లో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించింది. ఆ శిబిరాల్లో నడిచిన బ్రిడ్జి కోర్సులు తర్వాత సర్వశిక్షా అభియాన్‌లో చోటు చేసుకున్నాయి. 2004లో కేంద్రం మంజూరు చేసిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఆడపిల్లల చదువు వెనకబడిన మండలాలకే ఉద్దేశించినవి. వలస వెళ్లేవారి పిల్లలను ఊళ్లోనే ఉంచేందుకు సీజనల్ హాస్టళ్లు తెరిచారు. వీటిలో ఫలించిన ప్రతిచోటా ఒక మనిషి ఇంటికి వెళ్లి, అప్పు సంగతి, పెళ్లి సంగతి, పిల్ల భయం సంగతి మాట్లాడి ఉంటారు. భవనం ఒక్కటే ఏ పిల్లనూ బడికి తేలేదు.

ఆకలి ఉన్నచోట మాటలేం చేస్తాయని అడగవచ్చు. ఆ ప్రశ్నలో నిజం ఉంది. కూలి, నీళ్లు, అప్పు సర్కారు తీర్చాల్సినవే, కౌన్సెలర్ వాటికి బదులు కాజాలరు. కానీ హాస్టల్లో చోటు ఉందని, బాల్యవివాహం ఆపమని పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చని, ఫెయిలైనా మళ్లీ పరీక్ష రాయవచ్చని సమయానికి చెప్పే మనిషి లేక ఆగిపోయిన చదువులు తక్కువేం కావు. ఆ పని టీచర్లే చేస్తారని ఇంకో మాట. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా ఎంచుకోవాలన్నారు. మంచిదే. అయితే పాఠం చెప్పి, మార్కులు వేసి, రిజిస్టర్లు నింపే టీచరుకు ఊరూరా తిరిగే తీరిక ఎక్కడిది? పైగా మార్కులు వేసే మనిషికి ఇంటి గుట్టు చెప్పడానికి పిల్లలు జంకుతారు.

విశాఖలో ఒక విద్యార్థిని మరణంపై నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థకూ శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలంది. ఆ తీర్పు కార్పొరేట్ కాలేజీలతో ఆగకూడదు. 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉన్న ఈ ఆదోని ప్రాంతంలో తెలుగుతో పాటు కన్నడ, ఉర్దూ మాట్లాడే ఇళ్లున్నాయి. ఆ భాషలు తెలిసినవారినే కౌన్సెలర్లుగా తీసుకోవాలి, దీపావళికి ముందే ఊళ్లకు పంపాలి. కొఠారీ అడిగిన పది బడులకు ఒక్కరినైనా ప్రభుత్వం ముందు ఈ మండలాల్లోనే నియమించాలి.