బల్లకోడుకు కట్టిన పసివాడు

నేను తెలుగు పండితుడిగా ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, మా పాఠశాలకు ఒక బాలిక తమ్ముణ్ణి చంకనెత్తుకొని వచ్చేది. తల్లి కూలికి పోయేది. పసివాడి ఏడుపు పాఠానికి అడ్డు వస్తున్నదని ఒకనాడు ఆ పిల్లను ఇంటికి పంపివేశాను. ఆమె మళ్లీ బడికి రాలేదు. ఉద్యోగ విరమణానంతరం, జేన్ ఆడమ్స్ 1910లో ప్రకటించిన ఆత్మకథ చదువుతుండగా ఆ ముఖం నా కళ్ల ముందు నిలిచింది.

1889 సెప్టెంబరు 18న ఆడమ్స్, ఆమె స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్ షికాగో నగరంలో, హాల్‌స్టెడ్ వీధిలోని ఒక పాత భవంతిలో నివాసం ఏర్పరచుకొన్నారు. అదే హల్ హౌస్. చుట్టూ ఇటలీ, జర్మనీ, గ్రీసు, రష్యా దేశాల నుండి వలస వచ్చిన శ్రామిక కుటుంబాలు. లండనులో 1884లో వెలసిన టాయిన్‌బీ హాలు వారికి ఆదర్శం. చదువుకొన్నవారు పేదల వాడకు వెళ్లి, ఇరుగుపొరుగువారై అక్కడే నివసించాలన్నది దాని సూత్రం. ఇటువంటి గృహాలను ఇంగ్లీషులో ‘సెటిల్‌మెంటు’ అన్నారు. మన ఆంధ్రదేశంలో మాత్రం, నేరస్థ జాతుల చట్టం పేరిట కుటుంబాలను నిఘాలో ఉంచిన స్టువార్టుపురం వంటి ఊళ్లకు ఆ మాట వాడారు. పదం ఒక్కటే. అక్కడ అది తామై వచ్చినవారి ఇల్లు. ఇక్కడ బలవంతాన ఉంచబడినవారి ఊరు.

హల్ హౌస్ తొలి పనులలో ఒకటి పసిపిల్లల బడి. ఆ వాడలో వారికి మొదట తారసపడిన అవిటి పిల్లలు ముగ్గురూ, తల్లి పనికి వెళ్లిన వేళ దెబ్బతిన్నవారే. ఒకరు మూడో అంతస్తు కిటికీ నుండి పడ్డారు. ఒకరికి ఒళ్లు కాలింది. మూడోవాణ్ణి మూడేళ్లపాటు పగలంతా వంటింటి బల్లకోడుకు కట్టి ఉంచడంతో వెన్నెముక వంగిపోయింది. మధ్యాహ్నం వాడి అన్న పక్క కర్మాగారం నుండి పరుగున వచ్చి, కట్టు విప్పి, తన భోజనంలో పాలు పెట్టేవాడు. ఆ తల్లిని కఠినురాలని అనగలమా? కట్టకపోతే కిటికీ భయం. పనికి పోకపోతే పస్తు. తల్లులు పనివేళల్లో పిల్లలను అప్పగించి వెళ్లే శిశుగృహం అందుకే ఏర్పడింది.

తొలి క్రిస్మసుకు మిఠాయిలు పంచబోతే కొందరు బాలికలు వద్దన్నారు. తాము మిఠాయి కర్మాగారంలోనే పనిచేస్తున్నామనీ, దాన్ని చూడనే లేమనీ చెప్పారు. విచారిస్తే, ఆరు వారాలుగా ఉదయం ఏడు నుండి రాత్రి తొమ్మిది దాకా వారు పనిచేస్తున్నారని తేలింది. ఈ చరిత్రకంతటికీ కీలకం ఇక్కడే ఉన్నదని నాకనిపిస్తుంది. దానం చేయ వచ్చినవారైతే మిఠాయి మరొకరికిచ్చి వెళ్లేవారు. వీరు పొరుగువారు గనుక కారణం అడిగారు.

అడిగిన ఫలం దక్కింది. హల్ హౌస్‌లో నివసించిన ఫ్లోరెన్స్ కెల్లీ ప్రభృతుల కృషితో 1893లో ఇల్లినాయ్ రాష్ట్రం 14 ఏళ్లలోపు పిల్లలను కర్మాగారాలలో పనికి పెట్టడాన్ని నిషేధించింది. తనిఖీకి ప్రధానాధికారిణి కెల్లీయే. అదే చట్టంలో స్త్రీలకు ఎనిమిది గంటల పనిదినమన్న నిబంధనను 1895లో రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం కొట్టివేసింది. 1899లో షికాగోలో, అమెరికాలోకెల్లా మొదటిదైన బాలల న్యాయస్థానం వెలసింది.

ఈ భావన మన దేశానికీ వచ్చింది. 1926లో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ బొంబాయి నాగ్‌పాడాలో ఇటువంటి పొరుగు గృహాన్నే నెలకొల్పారు. దాని చెంతనే కామాటిపుర. నిజాం రాజ్యం నుండి కూలికి వెళ్లిన తెలుగు కామాటీల పేరు మోసే పేట. 1936లో మాన్‌షార్ట్ సంచాలకులుగా ఆ గృహంలోనే ఆరంభమైన సమాజసేవా విద్యాలయమే నేటి టాటా సామాజిక విజ్ఞాన సంస్థ.

హల్ హౌస్ పేరిట నడిచిన సేవాసంఘం 2012లో మూతపడింది. పాత భవంతి ప్రదర్శనశాలగా నిలిచి ఉన్నది. మన దేశంలో 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంతో అంగన్‌వాడీలు వచ్చాయి. మా బడి పక్క పేటకు మాత్రం నేనున్న రోజులలో ఇంకా రాలేదు. రావాలని అర్జీ పెట్టవచ్చునన్న తలపైనా నాకు కలుగలేదు. నాలుగు సందుల అవతలి పేట అది. ఆ పిల్లను ఇంటికి పొమ్మన్నానే గాని, ఇల్లెక్కడమ్మా అని అడగలేదు.