పన్ను కట్టని పెద్దలు, నిరంకుశ రాజులు

1649 జనవరి మొదటి వారంలో ఒక రాత్రి పదేళ్ల పిల్లవాణ్ణి నిద్రలేపి, గుట్టుచప్పుడు కాకుండా పారిస్ దాటించి సెయింట్ జెర్మేన్ కోటకు చేర్చారు. ఆ పిల్లవాడు ఫ్రాన్స్ రాజు 14వ లూయీ. తల్లి, ప్రధానమంత్రి మజరేన్ తిరగబడ్డ రాజధానిని విడిచి అతనితోపాటే పారిపోయారు. అప్పటి ఇంగ్లండ్ పంచాంగం ప్రకారం అదే నెల 30న లండన్‌లో ఇంగ్లండ్ రాజు 1వ చార్లెస్ తల తెగిపడింది. ఆ శీతాకాలంలో రాజరికం అంతగా చులకనైపోయింది. అయినా పాతికేళ్లు తిరిగేసరికి, పారిపోయిన ఆ పిల్లవాడే ఐరోపా రాజులందరికీ ఆదర్శమయ్యాడు. దీనికి కారణం రాజు ధైర్యసాహసాల్లో దొరకదు. పన్నుల లెక్కల్లో దొరుకుతుంది.

ఆ లెక్క రెండు వందల ఏళ్ల వెనక మొదలైంది. వందేళ్ల యుద్ధం చివరి దశలో, 1439లో, రాజు అనుమతి లేకుండా ఎవరూ సైన్యం పోగుచేయకూడదని ఫ్రాన్స్ రాజు 7వ చార్లెస్ శాసనం చేశాడు. సైన్యం ఖర్చుకు ‘తాయ్’ అనే పన్ను వేశాడు. యుద్ధం ముగిసింది గానీ, పన్ను ముగియలేదు. ఏటా ప్రజాప్రతినిధుల సమ్మతి అడిగే పద్ధతి మాత్రం క్రమంగా పోయింది. ప్రభువర్గం దీన్ని ఎందుకు సహించింది? తాయ్ వాళ్ల మీద పడలేదు కాబట్టి. మతాచార్యుల మీదా పడలేదు. మోసినవాడు రైతు. పెద్దలు తమ ఆస్తి కాపాడుకుని, అడిగే హక్కును వదులుకున్నారు. నిరంకుశత్వానికి పునాది ఈ ఒప్పందమేనని నా నమ్మకం.

ఆ పునాది మీద గోడలు లేపింది భయం. 1562 నుంచి 1598 దాకా క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు ఒకరినొకరు చంపుకున్నారు. 1572లో పారిస్‌లో మొదలైన ఊచకోత దేశమంతా పాకింది. ఆ నెత్తురు ఆరకముందే, 1576లో, న్యాయవాది జాన్ బోడేన్ సార్వభౌమాధికారం ఒక్క చోటే ఉండాలి, దాన్ని పంచడానికి వీల్లేదు అని పుస్తకం రాశాడు. 1589లో ఒక రాజు, 1610లో మరో రాజు హంతకుల కత్తికి బలయ్యారు. 1614లో ఎస్టేట్స్ జనరల్ అనే ప్రతినిధుల సభ కూడినప్పుడు, రాజుకు కిరీటం దేవుడొక్కడే ఇచ్చాడని, భూమ్మీద ఎవరికీ దాన్ని లాగేసే అధికారం లేదని చట్టం చేయాలన్నది సామాన్యుల ప్రతినిధులే. అంతర్యుద్ధం చూసినవాళ్లకు రాజు కంటే రాజు లేకపోవడమే ఎక్కువ భయం కలిగించింది.

1624లో అధికారంలోకి వచ్చిన కార్డినల్ రిషెల్యూ సరిహద్దుల్లో లేని ప్రభువుల కోటగోడలు కూల్చమని ఆజ్ఞ ఇప్పించాడు. ప్రొటెస్టెంట్ల రేవు పట్టణం లా రొషెల్‌ను ఏడాదికి పైగా ముట్టడించి, ఆకలితో లొంగదీశాడు. 1635లో స్పెయిన్‌తో యుద్ధానికి దిగాక పన్నులు విపరీతంగా పెరిగాయి. వాటిని రాబట్టడానికి జిల్లాలకు ఇంటెండెంట్లను పంపాడు. స్థానిక అధికారులు తమ పదవులను డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్లు. 1604 నుంచి పదవి విలువలో అరవయ్యో వంతు ఏటా కడితే అది వారసత్వంగా కూడా దక్కేది. అలాంటి అధికారిని రాజు కదిలించలేడు. ఇంటెండెంట్‌ను మాత్రం ఒక్క ఉత్తరంతో తీసేయొచ్చు. రైతులు ఊరుకోలేదు. 1636–37లో నైరుతి ప్రాంతమంతా భగ్గుమంది. 1639లో నార్మండీలో ఉప్పు పన్ను మీద ‘చెప్పుల్లేనివాళ్లు’ తిరగబడ్డారు. ఆ తిరుగుబాట్లను అణచినవాళ్ల గురించి ఎన్నో పుస్తకాలు వచ్చాయి, తిరగబడ్డ రైతుల పేర్లు చాలావరకు చరిత్రకెక్కలేదు.

1648లో మొదలై, పిల్లవాడైన లూయీ పారిస్ విడిచి పారిపోయేలా చేసిన తిరుగుబాటు వేరే రకం. న్యాయాధికారులు, రాజబంధువులు, పారిస్ జనం అందులో ఉన్నారు. అయిదేళ్లు సాగినా ఓడిపోయింది, ఎందుకంటే ఒకరి గెలుపు మరొకరికి ఇష్టం లేదు. ఇది లూయీ బాగా గమనించాడు. 1661లో మజరేన్ చనిపోయిన మర్నాడే ఇక ప్రధానమంత్రి ఉండడని, తానే పాలిస్తానని ప్రకటించాడు. 1682లో కొలువును వెర్సాయ్‌కి మార్చాడు. పింఛన్లు, పదవులు, సైన్యంలో హోదాలు కావాలంటే ప్రభువులు అక్కడ రాజు కంటపడాల్సిందే. వెర్సాయ్‌ని బంగారు పంజరమంటారు గానీ, లాంగ్‌డాక్ లాంటి రాష్ట్రాల్లో జరిగింది చూస్తే ఆ మాట సరిపోదనిపిస్తుంది. అక్కడ వసూలైన పన్నులో మంచి వాటా ఆ ప్రాంతపు పెద్దల చేతికే తిరిగి వెళ్లేది. రాజు వాళ్లను అణచలేదు, భాగస్వాములను చేసుకున్నాడు. ఆర్థికమంత్రి కోల్బేర్ ఖజానాను చక్కదిద్ది, 1664లో ఈస్టిండియా కంపెనీ పెట్టించాడు. అయిదేళ్లకు ఆ కంపెనీ గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో దిగింది.

ఇతర దేశాల్లో బేరం రకరకాలుగా కుదిరింది. 1653లో బ్రాండెన్‌బర్గ్ పాలకుడు ఫ్రెడరిక్ విలియంకు భూస్వాములు సైన్యం కోసం 5,30,000 థాలర్లు మంజూరు చేశారు, బదులుగా రైతుల మీద తమ పెత్తనాన్ని ఖాయం చేయించుకున్నారు. డెన్మార్క్‌లో ప్రభువుల పన్ను మినహాయింపుతో విసిగిన పట్టణవాసులు, మతాచార్యులు 1660లో రాజు పక్షం చేరి రాజ్యాన్ని వంశపారంపర్యం చేశారు. 1665లో అక్కడ రాసిన రాజశాసనం రాజుకు దాదాపు హద్దుల్లేని అధికారమిచ్చింది, 1709 వరకు అచ్చుకాలేదు. ఇంగ్లండ్‌లో భూస్వాములు పార్లమెంటును వదులుకోలేదు, భూమి పన్ను మోశారు. అందుకే ఆ ప్రభుత్వానికి తక్కువ వడ్డీకి అప్పు పుట్టింది.

లూయీకి ఆ సౌకర్యం లేదు. 1690లలో ఆయన సైన్యం కాగితం మీద దాదాపు 4 లక్షలు. 1689లో వెర్సాయ్‌లోని వెండి సామానంతా కరిగించి నాణేలు కొట్టించారు. అంతకు నాలుగేళ్ల ముందే ప్రొటెస్టెంట్ల మతస్వేచ్ఛ రద్దయి, దాదాపు 2 లక్షల మంది దేశం విడిచారు. వాళ్లలో నేతగాళ్లు, వ్యాపారులు ఎందరో. 1693–94 కరువులో పది లక్షలకు పైగా చనిపోయారు. అప్పుడు గానీ పెద్దల మీద పన్ను ఆలోచన రాలేదు. 1695లో తలసరి పన్ను, 1710లో పదోవంతు పన్ను వేశారు. మతాచార్యులు ఏకమొత్తం కట్టి బయటపడ్డారు, ప్రభువులు పలుకుబడితో తగ్గించుకున్నారు. 1715లో లూయీ పోయేనాటికి అప్పు 200 కోట్ల లీవ్రులు దాటింది.

ఆయన వారసులు పన్ను మినహాయింపులను పలుమార్లు కదిలించబోయి వెనక్కి తగ్గారు. 1787 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి కలోన్ ప్రముఖుల సభను పిలిచి, భూమి ఉన్న ప్రతివాడూ పన్ను కట్టాలని ప్రతిపాదించాడు. సభ ఒప్పుకోలేదు. ఏప్రిల్‌లో ఆయన పదవి పోయింది. 1788 ఆగస్టులో రాజ ఖజానా చెల్లింపులు ఆపేసింది.